జనాభా పెరుగుతోందా, తగ్గుతోందా? మూడు జనగణనల్లో నేను చూసినది

ప్రపంచంలో అత్యధిక జనాభా మనదేనని ఒకవైపు చెబుతున్నారు, మరోవైపు ఇంకా ఎక్కువమంది పిల్లలను కనమని నాయకులే పిలుపునిస్తున్నారు, ఇంతకీ మన దేశ జనాభా పెరుగుతోందా, తగ్గుతోందా అని మీరు అడిగారు. జనాభా పెరుగుతోంది, పుట్టే పిల్లలు తగ్గుతున్నారు. రెండూ ఒకే కాలంలో జరుగుతున్నాయి. వినడానికి ఇది వింతగా ఉంటుంది గాని, పుస్తకాల్లో చదవడానికి ముందే నేను దీన్ని ఇంటింటి అరుగుల మీద కూర్చుని చూశాను. కృష్ణా జిల్లా దివిసీమ ప్రాంతపు ప్రాథమిక పాఠశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా ఉపాధ్యాయినిగా పనిచేశాను. 1991, 2001, 2011 జనాభా లెక్కలు మూడింటిలోనూ నాకు ఎన్యూమరేటరుగా, అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే మనిషిగా, డ్యూటీ పడింది. అందువల్ల జవాబు కాస్త పొడవుగానే ఉంటుంది.

1991లో నాకు అప్పగించిన బ్లాకులో నూట ముప్పై ఇళ్ల దాకా ఉండేవి. ఆ ఏడాది మార్చి 1వ తేదీ సూర్యోదయ సమయానికి దేశంలో ఎందరున్నారన్నదే లెక్క; తర్వాతి గణనల్లో సూర్యోదయాన్ని తీసేసి అర్ధరాత్రిని పెట్టారు. అన్నింటికన్నా కష్టమైన పని వయసు రాయడం. పుట్టిన తేదీ తెలిసినవారు తక్కువ, అడిగితే నలభై, యాభై, అరవై అని గుండుగుత్తగా చెప్పేసేవారు. మా ప్రాంతంలో దీనికి ఒక కొలబద్ద ఉండేది, అది 1977 నవంబరు 19 నాటి ఉప్పెన. ఉప్పెన వచ్చిననాటికి చంకలో ఉన్నాడంటే పద్నాలుగు, బడికి పోతున్నాడంటే ఇరవై పైమాట అని మేము లెక్క కట్టుకునేవాళ్లం.

అయితే నన్ను నిలబెట్టేసిన ప్రశ్న అది కాదు. పెళ్లయిన ప్రతి స్త్రీనీ రెండు సంఖ్యలు అడగాలి. ఇప్పుడు బతికి ఉన్న పిల్లలు ఎందరన్నది ఒకటి, ప్రాణంతో పుట్టినవారు మొత్తం ఎందరన్నది రెండోది. అరవై దాటిన ఒకామె రెండో ప్రశ్నకు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, మధ్యలో ఆగి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టి, "ఎనిమిదిమంది పంతులమ్మగారూ, నిలిచింది అయిదుగురు" అన్నారు. ఆ వయసువారి ఇళ్లలో ఈ రెండు సంఖ్యలూ ఒకటిగా ఉన్నవి చాలా తక్కువ. అదే ఇంటి కోడలు, అప్పటికి పాతికేళ్లు ఉంటాయేమో, రెండు ప్రశ్నలకూ "ఇద్దరే" అని ఒకే జవాబు చెప్పింది. మన దేశ జనాభా చరిత్రలోని అసలు మలుపు ఆ అత్తాకోడళ్ల జవాబుల మధ్యే ఉంది. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1991 నాటికి ఆ సంఖ్య 80కి దిగింది, ఇప్పుడు ముప్పైకి లోపే ఉంది. పుట్టిన బిడ్డ నిలుస్తుందన్న నమ్మకం కుదిరాక, ఎనిమిదిమందిని కనవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

మరి పిల్లలు తగ్గితే జనాభా ఎందుకు పెరుగుతోందన్న సందేహానికి కూడా ఆ ఇంట్లోనే సమాధానం దొరుకుతుంది. ఆ పెద్దావిడకు నిలిచిన అయిదుగురూ పెళ్లిళ్లు చేసుకుని తలా ఇద్దరిని కన్నారనుకోండి, పదిమంది మనవలు అవుతారు. ఒక్కొక్క జంట తమ స్థానంలో ఇద్దరినే నిలిపింది, అంతకు మించి ఒక్కరిని కూడా కనలేదు. అయినా ఆ వంశవృక్షం పెరుగుతూనే ఉంది, ఎందుకంటే కనే వయసులో ఉన్న తరమే పెద్దది. దానికి తోడు, మనవలు పుట్టేనాటికి తాతలు ఇంకా బతికే ఉంటున్నారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సగటు ఆయుర్దాయం 32 సంవత్సరాలు, ఇప్పుడది 70 దగ్గర ఉంది. జనాభా శాస్త్రవేత్తలు దీన్ని బ్రేకు వేసినా కొంతదూరం పోయే బండి వేగంతో పోలుస్తారు. ఊళ్లో పుట్టినదాన్ని కాబట్టి నాకైతే కాలువ లాకు గుర్తుకొస్తుంది. పైన తలుపులు దించినా, అప్పటికే కిందికి వదిలిన నీరు ఎన్నో గంటలపాటు శివారు పొలాలకు పారుతూనే ఉంటుంది.

దేశం మొత్తాన్ని చూస్తే, 1951లో 36 కోట్లున్న జనాభా 1991కి 84 కోట్లు, 2001కి 102 కోట్లు, 2011కి 121 కోట్లు దాటింది. 2023లో మనం చైనాను మించిపోయామని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. అప్పటి సంఖ్య 142 కోట్ల పైచిలుకు. ఇది అంచనాయే తప్ప లెక్క కాదని గమనించాలి, ఎందుకంటే 2011 తర్వాత మన దేశంలో తలలు లెక్కపెట్టనే లేదు. ఈ పెరుగుదల 2060ల ప్రారంభంలో 170 కోట్ల దగ్గర ఆగి, తర్వాత తగ్గుముఖం పడుతుందని అదే సంస్థ 2024లో చెప్పింది. ఇక ఒక స్త్రీ తన జీవితకాలంలో కనే పిల్లల సగటు 1971లో 5.2 ఉండేది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అది 2.0కు వచ్చింది. తరం స్థానంలో తరం నిలవాలంటే ఈ సగటు 2.1 ఉండాలి, అంటే దేశం ఆ గీత దాటి కిందికి దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో మాత్రం 3.0.

మన ప్రాంతం గురించి ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పిల్లలు తగ్గడానికి ఆడవాళ్ల చదువే కారణమని, కేరళను ఉదాహరణగా చూపించి అందరూ అంటారు. కేరళకు అది నిజం. కాని 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 33 శాతం కూడా లేదు, కేరళలో అప్పటికే 86 శాతం. అటువంటి స్థితిలోనూ 1992–93లో జరిగిన మొదటి కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి పిల్లల సంఖ్యలో దేశ సగటు 3.4 ఉండగా మనది 2.6కు దిగిపోయింది. ఇది ఎలా సాధ్యమైందో నా బ్లాకులోని ఆడవాళ్లను అడిగితే ఒక్క ముక్కలో చెప్పేవారు: "ఆపరేషన్ అయిపోయింది". పదహారు, పదిహేడేళ్లకు పెళ్లి, ఇరవై ఒకటి నిండేసరికి ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిబిరం పెట్టిన రోజున కుటుంబ నియంత్రణ ఆపరేషన్. చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆ అధ్యాయం ముగిసిపోయేది. చదువు పెరిగి, పెళ్లి వయసు పెరిగి, ఆ తర్వాత పిల్లలు తగ్గడం ఒక దారి. మనది ఆ దారి కాదు, ఆడవాళ్ల ఒంటి మీదుగా వేసిన అడ్డదారి. ఎమర్జెన్సీ కాలంలో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ భాగం మగవారికే. ఆ బలవంతానికి బెదిరిన మగవారు తర్వాత మళ్లీ ముందుకు రాలేదు, ఆ బరువంతా ఆడవారి మీదికి జరిగింది. నేను తిరిగిన మూడు బ్లాకుల్లో వేసెక్టమీ, అంటే మగవారి ఆపరేషన్, చేయించుకున్నానని చెప్పినవారిని ఒక చేతి వేళ్లతో లెక్కపెట్టవచ్చు. ఆ ప్రశ్న మా పత్రంలో లేదనుకోండి, కబుర్లలో తెలిసిన సంగతే.

2001లో జరిగిన ఒక సంఘటన చెబుతాను. ఒక ఇంట్లో యజమాని ఇద్దరే పిల్లలని రాయించాడు. నేను పత్రం ముగించి లేవబోతుంటే, తలుపు చాటునుంచి మూడేళ్ల పిల్ల తొంగిచూసింది. ఎవరమ్మాయి అంటే తోడల్లుడి కూతురన్నాడు. పిల్ల మాత్రం వచ్చి ఆయన మోకాలు పట్టుకుని "నాన్నా" అంది. ఆయనకు పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలన్న కోరిక. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, 1995 మే 31 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అర్హత ఉండదు. 1948 నాటి జనగణన చట్టం ప్రకారం నేను రాసుకున్నది ఏ అధికారికీ చూపించరని, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదని పావుగంట సేపు నచ్చజెప్పాక, ఆ పాప పేరు షెడ్యూలులోకి ఎక్కింది. అదే ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధనను ఎత్తివేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది తలుపు చాటునున్న ఆ పాపే. ఈపాటికి ఆమెకు ఇరవై ఏడో, ఎనిమిదో ఉంటాయి.

చిన్న కుటుంబానికి మరొక ముఖం కూడా ఉంది. ఇద్దరితో ఆపాలనుకున్నప్పుడు, ఆ ఇద్దరిలో ఒకరైనా మగపిల్లవాడు కావాలన్న పట్టుదల ఎక్కువైంది. దేశంలో ఆరేళ్లలోపు ప్రతి వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 927 మంది ఉంటే, 2011లో 919కి తగ్గారు. ఈ తగ్గుదల పుట్టుకకు ముందే జరుగుతోందని అందరికీ తెలుసు, పైకి అనరు.

2011కి వచ్చేసరికి నా పత్రాల రూపమే మారిపోయింది. ఆరేళ్లలోపు పిల్లల గడి ఖాళీగా ఉన్న ఇళ్లు వరుసగా తగిలేవి. భార్యాభర్తలిద్దరూ అరవై దాటినవారు, కొడుకు హైదరాబాదులోనో డల్లాస్‌లోనో. మామూలుగా ఇక్కడ నివసించనివారిని రాయకూడదని చెబితే, "మా అబ్బాయి పేరు లేకుండా ఇంటి లెక్క ఏమిటమ్మా" అని చిన్నబుచ్చుకునేవారు. ఉమ్మడి రాష్ట్ర జనాభా ఆ పదేళ్లలో 11 శాతమే పెరిగింది, అంతకు ముందు దశాబ్దంలో అది 14 శాతానికి పైన ఉండేది. ఆరేళ్లలోపు పిల్లలైతే కోటికి పైగా ఉన్నవారు కోటికి లోపుకు పడిపోయారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా బడిలో అయిదు తరగతులకు కలిపి నూట నలభైమంది ఉండేవారు, చివరి సంవత్సరం నేను హాజరు పిలిచింది పందొమ్మిదిమందిని. ఇందులో ఇంగ్లీషు మీడియం బస్సు పట్టుకుపోయినవారి సంఖ్య ఎంతో, అసలు పుట్టనివారి సంఖ్య ఎంతో విడదీసి చెప్పలేను గాని, బస్సు ఎక్కేవారు కూడా ఈమధ్య పలచబడ్డారు. ఇప్పుడు మా వైపు నాట్లకు బెంగాల్ నుంచి, చేపల చెరువుల పనికి ఒడిశా నుంచి జనం వస్తున్నారు. దేశంలో ఒక మూల ఖాళీ అయిన చోటును మరొక మూలనుంచి వచ్చినవారు నింపుతున్నారు. పిల్లలు ఎక్కువగా పుట్టే రాష్ట్రాల్లో కూడా ఎంతోకాలం మిగులు ఉండదు: బీహార్‌లో 2005–06లో 4.0 ఉన్న సగటు పదిహేనేళ్లలో 3.0కు దిగింది.

ఎక్కువమంది పిల్లలను కనమన్న పిలుపు సంగతికి వస్తే, దాని వెనుక రెండు భయాలున్నాయి. వృద్ధుల భారం మొదటిది, అది వాస్తవమే. రెండోది లోక్‌సభ స్థానాల గురించి. రాష్ట్రాలకు స్థానాల సంఖ్య 1971 జనాభా లెక్కల మీదనే నిలిచిపోయి ఉంది. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన వరకే ఆ స్తంభన వర్తిస్తుంది. ఆ తర్వాత కొత్త లెక్కల ప్రకారం స్థానాలు పంచితే, జనాభా అదుపు చేసుకున్న దక్షిణాది నష్టపోతుందన్న బాధ న్యాయమైనదే. కాని దానికి మందు ప్రసూతి గదిలో లేదు. ఇరవై రెండేళ్లకు ఆపరేషన్ బల్ల ఎక్కించిన ఆడవాళ్ల కూతుళ్లను, ఉద్యోగం చేస్తూ ఒక్క బిడ్డ ఫీజుకే తడుముకుంటున్నవారిని, మళ్లీ ముగ్గురిని కనమంటే వాళ్లు నవ్వి ఊరుకుంటారు. మా అమ్మాయి అదే చేసింది.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ కారణంగా ఆగిపోయి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరపాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ వెలువడింది. ఈసారి కాగితపు షెడ్యూళ్లకు బదులు మొబైల్ యాప్ వాడతారు, కులం కూడా నమోదు చేస్తారు. పత్రికలు మొదటి పేజీలో దేశ మొత్తం జనాభాను, కులాల వివరాలను వేస్తాయి. మీ ప్రశ్నకు జవాబు మాత్రం అక్కడ ఉండదు. ఆరేళ్లలోపు పిల్లల సంఖ్యను, అరవై దాటినవారి సంఖ్యను మీ జిల్లాకు విడిగా తీసుకుని, 2011 సంఖ్యల పక్కన పెట్టి చూడండి.