పాత అంబాసిడర్‌కు పాత బోల్టులే బిగించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన 1968 నాటి అంబాసిడర్ మార్క్-2 కారును పూర్తిగా విప్పించి బాగు చేయిస్తున్నాను. విప్పిన నట్లు, బోల్టులు రెండు డబ్బాల నిండా ఉన్నాయి. అన్నీ పారవేసి కొత్తవి వేద్దామని మెకానిక్కు అంటున్నారు. నాకు మాత్రం వీలైనన్ని పాతవే వాడాలని ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ డబ్బాలను దయచేసి పారవేయకండి. పాతవా, కొత్తవా అన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది మర, అంటే బోల్టు మీద చుట్లుగా కోసిన గాడి, సంగతి. మీ కారు బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నమూనా ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైనది కనుక, దాని బోల్టులు చాలావరకు అంగుళాల కొలతలో, యు.ఎన్.ఎఫ్. అనే సన్నమరతో ఉంటాయి. ఇవాళ హార్డ్‌వేర్ దుకాణంలో అడగగానే చేతికిచ్చేవి మిల్లీమీటర్ల బోల్టులు. 5/16 అంగుళాల బోల్టు వ్యాసం 7.94 మి.మీ. కాబట్టి 8 మి.మీ. బోల్టు చూపుకు అచ్చం దానిలాగే కనిపిస్తుంది. అయితే మొదటిదానికి అంగుళానికి 24 మరలు, అంటే మరకూ మరకూ మధ్య దూరం 1.06 మి.మీ.; రెండోదానికి సాధారణంగా 1.25 మి.మీ. ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకోగానే పానా మీద బలం వేసి తిప్పారంటే ఇంజను బ్లాకులోని మర కాస్తా తెగిపోతుంది. బోల్టు పాడైతే మరొకటి తెచ్చుకోవచ్చు గాని, బ్లాకులో మర పోతే ఆ రంధ్రాన్ని పెద్దది చేయించి లోపల కొత్త మర కూర్చవలసి వస్తుంది. నేను పాత బోల్టుల పక్షం వహించడానికి మొదటి కారణం ఇదే.

పానా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఆ 5/16 బోల్టు తల వెడల్పు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. దానికి 13వ నంబరు పానా పట్టించి విప్పడం వల్లనే చాలా బోల్టుల మూలలు అరిగి గుండ్రబడతాయి. అలాంటివాటిని పక్కన పెట్టేయండి.

మిగిలినవాటిని కిరసనాయిలులో నానబెట్టి, వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, ఒక మంచి నట్టును వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూడండి. మధ్యలో పట్టేస్తే, పిచ్ గేజును, అంటే మరల మధ్య దూరం కొలిచే పళ్ల పలకను, మర మీద ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. గేజు పళ్లు ఒకచోట సరిగా కూర్చుని, మరోచోట కూర్చోకపోతే ఆ బోల్టు సాగిపోయిందని అర్థం. అది ఇక పనికిరాదు. మురికి పట్టిన రంధ్రాల్లోకి మర కోసే టాపు దింపనివ్వకండి. అది మురికితో పాటు లోహాన్నీ కోసి మరను వదులు చేస్తుంది. మరను శుభ్రపరచడానికే చేసిన చేజర్ వేరే ఉంటుంది.

ఇలా నెగ్గిన బోల్టులను బానెట్టు, తలుపులు, మడ్‌గార్డులు, బంపర్లు, సీట్ల దగ్గర నిస్సంకోచంగా వాడుకోండి. తలల మీద ఆనాటి తయారీదారుల ముద్రలున్న బోల్టులు కంటికి కనిపించే చోట ఉంటేనే ఆ కారుకు నిండుదనం. స్టీరింగు, బ్రేకులు, ముందు సస్పెన్షను, వెనుక కమాను పట్టీల యు-బోల్టులు, కనెక్టింగ్ రాడ్ బోల్టుల విషయంలో మాత్రం మీ మెకానిక్కు మాటే వినండి. దశాబ్దాల పాటు బరువు మోసిన ఉక్కులో లోపల పుట్టిన పగులు కంటికి కనిపించదు. వాటి స్థానంలో అదే మర, అదే పొడవు, అసలుదానికి తగ్గని బలం ఉన్నవే వేయించండి. బోల్టు బలాన్ని గ్రేడుతో చెబుతారు; తల మీద మూడు గీతలుంటే అది గ్రేడ్ 5 బోల్టు. మెరుపు చూసి స్టీరింగుకు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు వేయించకండి. స్ప్లిట్ పిన్నులు, నైలాన్ వలయమున్న నట్లు, మడతపెట్టే లాక్ వాషర్లు ఒకసారి తీశాక మళ్లీ వాడకూడదు.

ప్రశ్న: పాత బోల్టులకు జింకు పూత వేయించడం మంచిదేనా?
– మరొక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బాడీ బోల్టులకు మంచిదే. బాగా గట్టిపరచిన ఉక్కు బోల్టులకు మాత్రం ప్రమాదం. ఆమ్లంలో కడిగినప్పుడు, విద్యుత్తుతో పూత వేసినప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అప్పటికి బాగానే ఉన్న బోల్టు, బిగించిన కొన్ని గంటలకో రోజులకో పుటుక్కున విరగవచ్చు. పూత పూసిన వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచితే ఆ ముప్పు చాలావరకు తగ్గుతుంది. ఆ ఏర్పాటు ఉందో లేదో పూత వేసేవారిని ముందే అడగండి. లేదంటే అలాంటి బోల్టులను శుభ్రం చేసి, నూనె రాసి బిగించుకోండి.