చిలక్కొయ్య అంటే ఏమిటి? ఆ పేరు ఎలా వచ్చింది?

గోడకి బట్టలు తగిలించుకునే కొయ్య అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ అలా చెప్తే చిలక ఎగిరిపోతుంది.

మా అమ్మమ్మగారింట్లో వసారా గోడకి నాలుగుండేవి. మెడ, తల, వంకర ముక్కు అన్నీ చిలకవే, తోక ఉండాల్సిన చోటు మాత్రం గోడలోకి దిగిపోయి ఉండేది. మూడోది తాతయ్యది. దానికి ఆయన కండువా, గొడుగు తప్ప ఇంకేదీ తగిలించకూడదు. ఏళ్ల తరబడి చేతులు తగిలి దాని తల నల్లగా, నున్నగా మెరిసేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో, ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం నిద్రలో ఉండగా, దాని మెడ పట్టుకుని ఊగాను. రెండో ఊపుకే సున్నం పెచ్చులతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. పైకి కనిపించేది బెత్తెడే, లోపల జానెడు ఉంది! తాతయ్య కొట్టలేదు. తడి గోనెపీచు చుట్టి, ముక్కు చెదరకుండా పాతగుడ్డ అడ్డంపెట్టి సుత్తితో దిగ్గొట్టారు. "ఇది నా గొడుగుని మోయడానికిరా, నిన్ను కాదు" అన్నారంతే.

ఇక పేరు సంగతి. చిలుక, కొయ్య కలిసి చిలక్కొయ్య అయింది. మెడ వంపులో బట్ట కూర్చుంటుంది, తల అడ్డం ఉంటుంది కాబట్టి జారదు. ఆ పని కాకితోనూ అవుతుంది, కానీ కాకిని చెక్కిస్తే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? సంస్కృతంలో గోడకొయ్యని నాగదంతం అంటారు, అంటే ఏనుగు దంతం. పంచతంత్రంలో సన్యాసి ఎలుకకి అందకుండా భిక్షాపాత్రని తగిలించేది దానికే. వాళ్లకి ఏనుగు కనిపించింది, మనకి చిలక. నన్నడిగితే మన చూపే బాగుంది.

ఇప్పుడు అద్దింట్లో మేకు కొట్టకూడదట. అంటించే ప్లాస్టిక్ హుక్కులు తెచ్చాం. తడి తువ్వాలు వేస్తే అర్ధరాత్రి ధడేలుమని పడతాయి. మా అమ్మ వాటిని కూడా చిలక్కొయ్యలే అంటుంది, మా వాడు చిలక ఎక్కడుందని వెతుకుతాడు. చూపించడానికి ఒక్కటైనా మిగల్లేదు. ఇల్లు పడగొట్టినప్పుడు తలుపులు, దూలాలు లెక్కపెట్టి మరీ అమ్మిన మామయ్యకి ఆ నాలుగు చిలకలు గుర్తే రాలేదు.