గ్రూపులు నలభై సరే, గురువులు ఎందరు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మా అమ్మాయి బీఎస్సీ వృక్షశాస్త్రం రెండో సంవత్సరం చదువుతోంది. రోజుకు మూడు గంటలు ఫోన్‌లోనే ఉంటుంది. అడిగితే, "ఆన్‌లైన్‌లో నేర్చుకోవడానికి పరిచయాలు పెంచుకోమని లెక్చరరు గారే చెప్పారు నాన్నా" అంటుంది. చూస్తే నలభైకి పైగా వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు ఉన్నాయి. ఇది చదువేనా? చదువే అయితే సరిగ్గా ఎలా మొదలుపెట్టాలి?
— ఒక తండ్రి, గజపతి జిల్లా

జవాబు: లెక్చరరు గారు చెప్పినది మంచి సలహా. మీ అమ్మాయి చేస్తున్నది మాత్రం ఇంకా అది కాదు. తనకు ఆసక్తి ఉన్న విషయంలో తనకంటే ఎక్కువ తెలిసినవారినీ, తనతో సమానంగా నేర్చుకుంటున్నవారినీ ఇంటర్నెట్ ద్వారా వెతికి, వారితో ఏళ్ల తరబడి నిలిచే ఇచ్చిపుచ్చుకొనే సంబంధం ఏర్పరచుకోవాలన్నది ఆ సలహాలోని అసలు ఉద్దేశం. కెనడాలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ అనే ఇద్దరు విద్యారంగ నిపుణులు ఈ ఆలోచన మీదనే 2008లో ఒక కోర్సు నడపగా, ఫీజు కట్టిన కొద్దిమంది విద్యార్థులతో పాటు రెండు వేలకు పైగా బయటివారు ఉచితంగా చేరారు.

అయితే పర్లాకిమిడి వారికి ఈ సంగతి కెనడా నుండి రానక్కరలేదు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లో ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో సవర భాష నేర్చుకోవాలనుకుంటే, తెలుగు వచ్చిన ఒక సవర వ్యక్తిని దగ్గర పెట్టుకొని అతని నోటి నుండే ఆ భాష నేర్చుకున్నారు. నేర్చుకున్నదాన్ని తన దగ్గరే ఉంచుకోకుండా ఆ భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టి, సవర పిల్లలకు చదువు చెప్పించారు. తీసుకోవడంతో పాటు ఇవ్వడం కూడా ఉంది కాబట్టే ఆ సంబంధం అంతకాలం నిలిచింది.

మీ అమ్మాయి నలభై గ్రూపుల్లో ఏముంటాయో నేను ఊహించగలను: పీడీఎఫ్ పుస్తకాలు, పాత ప్రశ్నపత్రాలు, పరీక్ష తేదీల వదంతులు, పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయాలు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది వరకు ఉండవచ్చు. ఆ వేయిమందిలో మీ అమ్మాయి పేరు, ఆమెకు దేనిమీద ఆసక్తి ఉందో తెలిసినవారు ఎందరున్నారో ఆమెనే అడగండి. ఒక్కరూ లేకపోతే ఆమె చేరినది రైల్వే ప్లాట్‌ఫారం లాంటి చోటు అనుకోవాలి. అక్కడ ప్రకటనలు వినబడతాయి గాని పరిచయాలు కావు. కాలేజీ గ్రూపు, విశ్వవిద్యాలయ సమాచారం వచ్చే గ్రూపు, నిజంగా చర్చ జరిగే ఒక విషయ గ్రూపు, ఈ మూడూ ఉంచుకొని మిగిలినవాటి నుండి బయటకు రమ్మనండి. ఫోన్ మాత్రం లాక్కోకండి, ఎందుకంటే ఇకపై చెప్పబోయే పని అంతా దానితోనే.

మొదట చేయవలసినది విషయాన్ని చిన్నది చేసుకోవడం. "వృక్షశాస్త్రం నేర్చుకుంటున్నాను" అనే విద్యార్థికి ఎవరూ ఏమీ చెప్పలేరు, "మహేంద్రగిరి దారిలో కనిపించే తీగజాతి మొక్కలను గుర్తించడం నేర్చుకుంటున్నాను" అంటే చెప్పడానికి దేశంలో చాలామంది ముందుకు వస్తారు. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండను ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దిల్లీలోనో పుణెలోనో కూర్చున్న నిపుణుడికి ఆ కొండ మొక్కల ఫొటోలు కావాలి, మీ అమ్మాయికి ఆయన జ్ఞానం కావాలి. సరిహద్దు పిల్లలు తమకు ఏ భాషా పూర్తిగా రాదని చిన్నబుచ్చుకోవడం నేను తరచుగా చూస్తుంటాను. ఈ పనిలో అదే ఆమె బలం అవుతుంది. అడ్డాకు తీగను ఒడియావారు సియాలి అంటారు, పాత పుస్తకాల్లో దాని పేరు బౌహీనియా వాహ్లీ, కొత్త రచనల్లో ఫనేరా వాహ్లీ. ఈ పేర్లన్నీ ఒకే మొక్కవని చెప్పగలిగిన విద్యార్థి వద్దకు పెద్దవారే వచ్చి అడుగుతారు.

దీనికి తగిన చోట్లు ఐనేచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లు, రెండూ ఉచితం. ఫొటో, తేదీ, స్థలంతో ఒక పరిశీలనను అందులో పెడితే ఇతరులు చూసి పేరు సూచిస్తారు. ఐనేచురలిస్ట్‌లో పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది జాతి స్థాయిలో ఏకీభవిస్తే ఆ పరిశీలన పరిశోధన స్థాయికి, అంటే పరిశోధకులు వాడుకోదగిన స్థాయికి చేరుతుంది. కొత్తవారు సాధారణంగా చేసే పొరపాట్లు మూడు. పువ్వును ఒక్కటే దగ్గరగా తీసి ఊరుకుంటారు, కాని ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నాయా, ఆకు అడుగుభాగం ఎలా ఉంది, బెరడు, కాయ ఎలా ఉన్నాయి అన్నవి కనబడకపోతే నిపుణుడు కూడా చెప్పలేడు. రెండోది, పెరట్లో కుండీలో పెంచిన చేమంతిని అడవిమొక్కలాగా పెట్టేస్తారు. నాటిన మొక్క అయితే ఆ సంగతి అక్కడే నమోదు చేయాలి. మూడోది, యాప్ చూపిన పేరును కళ్లు మూసుకొని ఒప్పుకుంటారు. తనకు మొక్క ఏ కుటుంబానికి చెందిందో అంతవరకే తెలిస్తే అక్కడే ఆగి, మిగతాది పెద్దలకు వదలడం గౌరవమైన పని.

తండ్రిగా మీరు స్వయంగా చూడవలసినది ఒకటుంది. ఈ పరిశీలనలకు స్థలం కూడా జతపడుతుంది కాబట్టి, ఇంటి దగ్గర తీసిన ఫొటోలకు స్థలాన్ని మరుగుపరచే ఎంపిక తప్పక పెట్టించండి. అప్పుడు బయటివారికి అసలు చోటు కాక, ప్రతివైపూ దాదాపు ఇరవై కిలోమీటర్లకు పైగా ఉన్న చతురస్రంలో ఎక్కడో ఒక బిందువు మాత్రమే కనిపిస్తుంది. కొండమీది అరుదైన ఆర్కిడ్లకు, మందుమొక్కలకు కూడా ఇదే పద్ధతి మంచిది, చోటు తెలిస్తే పీక్కుపోయేవారు ఉంటారు. అనుమతి లేకుండా ఆమె కూడా ఏదీ కోయకూడదు, ఒంటరిగా కొండ ఎక్కకూడదు.

ఇక మనుషుల సంగతి. ఆమె పెట్టిన మొక్కలకు తరచుగా, కారణంతో సహా పేరు చెప్పేవారు రెండు మూడు నెలల్లో నలుగురైదుగురు తేలుతారు. వారినే అనుసరించి, వారు ఇతరులకు ఇచ్చిన వివరణలు కూడా చదవాలి. వారికి సందేశం రాసేటప్పుడు "సార్, నన్ను గైడ్ చేయండి" అని రాస్తే జవాబు రాదు. చాలా మంది పిల్లలు ఇక్కడే ఆగిపోయి, పెద్దవాళ్లు గర్విష్ఠులని నిర్ణయించుకుంటారు. తప్పు ప్రశ్నలోనే ఉందని వారికి ఎవరూ చెప్పరు. తాను ఏం చూసింది, ఏ పుస్తకంలో వెతికింది, ఏ రెండు పేర్ల మధ్య సందేహం, ఏ లక్షణం దగ్గర ఆగింది, ఈ నాలుగూ నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాస్తే చాలు, వ్యాకరణం తప్పినా ఫరవాలేదు. జవాబు వచ్చాక ఆ మొక్కను మళ్లీ చూసి, నిజమో కాదో తిరిగి రాయాలి. ఆ రెండో ఉత్తరమే ఆమెను గుర్తుండేలా చేస్తుంది.

వెతకడానికి పుస్తకాలు కొనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మీ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనిది కాబట్టి, గాంబుల్ ప్రారంభించి ఫిషర్ పూర్తి చేసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల (ఆ ప్రాంతపు మొక్కల వివరాల) సంపుటాలు మీకు పరాయివి కావు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పాత వృక్షజాల గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు చెల్లే పేరు కోసం లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం వారి ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్ చూడాలి. పాఠం క్రమంగా కావాలంటే 2017లో ప్రారంభమైన, కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ కోర్సుల వేదిక "స్వయం"లో ఒక సెమిస్టరుకు ఒక్క కోర్సు చాలు. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే రుసుము ఉంటుంది. ఆ మార్కులను క్రెడిట్లుగా తీసుకుంటారో లేదో కాలేజీలో ముందే అడగాలి.

డబ్బు అడిగి "మెంటార్‌షిప్" ఇస్తామనేవారికి, ఇంటర్న్‌షిప్ పేరుతో ముందస్తు రుసుము కోరేవారికి, ఆధార్ నకలో ఓటీపీయో అడిగేవారికి ఏమీ పంపవద్దని గట్టిగా చెప్పండి.

దీనివల్ల ఉద్యోగం వస్తుందా అని మీరు అడగకపోయినా, మీ మనసులో ఉంటుంది. నేరుగా రాదు. కాని ఎమ్మెస్సీ ప్రవేశంలోనో, క్షేత్ర సహాయకుల పనికో ఆమె వెళ్లినప్పుడు, రెండేళ్లుగా తేదీలతో ఉన్న మూడు నాలుగు వందల పరిశీలనలు, ఆమె పనిని చూసిన ఇద్దరు పెద్దల సిఫార్సు, మార్కుల జాబితా చెప్పలేని సంగతిని చెబుతాయి. రోజుకు మూడు గంటలు వద్దు. అరగంట ఫోన్‌లో, ఆదివారం రెండు గంటలు బయట. మొదటి నెల ఇరవై మొక్కలు చాలు, అవి మీ వీధి చివరి గట్టు మీదివైనా సరే. ఆ ఆదివారాల్లో ఒకటి రెండుసార్లు మీరూ ఆమెతో వెళ్లి, మీ అమ్మగారి కాలంలో ఏ ఆకును ఏమనేవారో ఆమెకు చెప్పండి. ఆ పేర్లను ఆమె నోటుపుస్తకంలో రాసుకోవాలి.