ముందు అత్యవసర నిధి, తర్వాతే లేజర్

ప్రశ్న: నా వయసు 39. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. నెలకు జీతంలో 15 శాతం మిగులుతుంది. ఎన్నాళ్లుగానో కోరుకున్న 1980ల చివరి నాటి ఖరీదైన సీడీ ప్లేయర్‌ను కొద్ది నెలల క్రితం కొన్నాను. ఆరు నెలల ఖర్చులకని దాచిన సొమ్ములో చాలా భాగం దానికే పోయింది. ఇప్పుడు ఒక నెల ఖర్చులకు సరిపడా ఉంది. కొన్ని వారాలుగా పాట మధ్యలో ఆగిపోతోంది. కొన్ని డిస్కులను అసలు చదవడం లేదు. లేజర్ పని అయిపోయిందని, అందులోని ఫిలిప్స్ సీడీఎమ్-4 మెకానిజం (డిస్కును తిప్పి, లేజర్‌తో చదివే భాగం) తయారీ ఎప్పుడో నిలిచిపోయిందని తెలిసినవారు ఒకరు చెప్పారు. అదే మోడల్ మరొకటి విదేశంలో అమ్మకానికి ఉంది. ధర నా మూడు నెలల జీతం. 24 వాయిదాల వ్యక్తిగత రుణంతో దాన్ని కొని విడిభాగాల కోసం ఉంచుకోవాలని ఆలోచన. ఇలాంటి వాటి ధరలు పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఇది పెట్టుబడి కిందికి వస్తుందా?

జవాబు: రాదు. అప్పు చేయకండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరికి పాత కెమెరా, ఒకరికి చేతి గడియారం, మరొకరికి మోటార్ సైకిల్. అందరూ రాసే మాట ఒకటే: ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదు. దొరకదన్న భయం పట్టుకున్నాక వడ్డీ ఎంతో ఎవరూ చూడరు. మీరూ చూసినట్టు లేరు, ఎందుకంటే ఉత్తరంలో మెకానిజం నంబరు ఉంది కానీ వడ్డీ రేటు లేదు. లెక్క నేనే వేస్తాను.

ఏడాదికి 18 శాతం వడ్డీ అనుకుందాం. మూడు నెలల జీతాన్ని 24 నెలల్లో తీర్చాలంటే నెలసరి వాయిదా మీ జీతంలో దాదాపు 15 శాతం. అంటే మీకు మిగిలేదంతా. చివరికి కట్టేది మూడు నెలల జీతం కాదు, మూడున్నర దాటుతుంది. ఆ రెండేళ్లూ అత్యవసర నిధిలోకి పైసా చేరదు. ఖాళీ అయిన అయిదు నెలల ఖర్చులను తిరిగి కూడబెట్టడానికి మీ పొదుపు వేగంతో ఎలాగూ 28 నెలలు పడుతుంది. ఆ 28 నెలలు అప్పు తీరాక మొదలవుతాయి. ఒక్కరి జీతం మీద అయిదుగురు బతికే ఇంట్లో నాలుగేళ్లకు పైగా సరైన అత్యవసర నిధి లేకుండా గడపబోతున్నారు. ఈ మధ్యలో ఉద్యోగం పోయినా, అమ్మగారు ఆసుపత్రిలో చేరినా మరో అప్పు తప్పదు. ఆ అప్పు ఇంతకంటే ఎక్కువ వడ్డీకి వస్తుంది.

అవసరమైతే ప్లేయర్‌నే అమ్మేస్తానని మీరు అనవచ్చు. పాడైన లేజర్ ఉన్న యంత్రాన్ని ఎవరు కొంటారు? బాగున్నదాన్ని కొనేవారే కొద్దిమంది. ఆ కొద్దిమందీ ఆసుపత్రి బిల్లు కట్టాల్సిన రోజునే రారు. ఇక పెరుగుతున్న ధరల సంగతి. ప్రకటనలో కనిపించేది అడిగిన ధర, ఎవరో నిజంగా చెల్లించిన ధర కాదు. పైగా మీరు పాట విన్న ప్రతి గంటా ఆ లేజర్ ఆయుష్షులోంచే పోతుంది. వాడితే అరిగేదాన్ని, వాడకుండా పెట్టినా లోపల కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వ చేసే చిన్న భాగాలు) ఎండిపోయేదాన్ని పెట్టుబడి అనలేం. ఇది సరదా. సరదా తప్పు కాదు, దానికి అప్పు తప్పు.

నన్ను ఇంకా చికాకు పెట్టింది మరొకటి: లేజరే పాడైందని ఎవరు తేల్చారు? కొలతలు తీసినట్టు మీరు రాయలేదు. ఆ కాలపు ఫిలిప్స్ బోర్డులలో రెండు పక్కలనూ కలిపే చిన్న లోహపు రివెట్ల దగ్గర టంకం పగుళ్లు తీయడం మామూలే. అప్పుడు కూడా ప్లేయర్ డిస్కును చదవదు, చదివినా మధ్యలో ఆగుతుంది. సర్వో (లేజర్‌ను డిస్కు మీద దారి తప్పకుండా నడిపే సర్క్యూట్), విద్యుత్ సరఫరా విభాగాల్లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు క్షీణించినా, డిస్కును తిప్పే మోటారు బేరింగులో నూనె ఎండినా, కటకం మీద దుమ్ము పేరుకున్నా లక్షణాలు ఇవే. మంచి టెక్నీషియన్ పెట్టె తెరిచి, డిస్కు నుంచి వచ్చే సంకేతాన్ని ఆసిలోస్కోప్ (సంకేతాన్ని తెర మీద గీతగా చూపే పరికరం) మీద చూశాకే లేజర్ మాట ఎత్తుతాడు. పై మరమ్మతులన్నీ కలిపినా మీరు చేయబోయే అప్పులో చిన్న ముక్క. కొందరు లేజర్‌కు వెళ్లే కరెంటు పెంచి, అదిగో పాడుతోంది చూడండి అని ఇచ్చేస్తారు. కొన్నాళ్లు పాడుతుంది, ఉన్న ఆయుష్షు త్వరగా తరుగుతుంది. మీరు తీసుకోబోయే రుణం కూడా సరిగ్గా ఇలాంటి మరమ్మతే.

నిజంగా లేజరే పోయిందనుకుందాం. అయినా జంట యంత్రం అక్కర్లేదు. సీడీఎమ్-4 మీ ఖరీదైన మోడల్ కోసమే తయారైనది కాదు. ఫిలిప్స్, మరాంట్జ్ సంస్థల సాధారణ ప్లేయర్లలోనూ అదే వాడారు. పై మూత మీద పెద్ద పేరు లేని అలాంటి పాత యంత్రంలో, తక్కువగా వాడిన మెకానిజం దొరకవచ్చు. సీడీఎమ్-4 పేరులో 4 పక్కనున్న ఉపసంఖ్య కలవాలి, అది టెక్నీషియన్ సరిచూడాలి. మూడు నెలల జీతం పెట్టి తెచ్చే జంట యంత్రం వయసు ఎంత? మీ దాని వయసే. దాని లేజర్ ఎన్ని గంటలు వెలిగిందో అమ్మేవారికీ తెలియదు. ఆ తరం యంత్రాల్లో చాలావాటికి అడుగున రవాణా స్క్రూలు (ప్రయాణంలో లోపలి భాగాలు కదలకుండా బిగించేవి) ఉంటాయి. అవి బిగించకుండా పంపితే లేజర్‌ను మోసే సున్నితమైన చేయి దారిలోనే దెబ్బతినవచ్చు. అప్పుడు వాయిదాలు మీకు, విరిగిన విడిభాగాలూ మీకే.

కాబట్టి చేయాల్సింది ఇది. ప్లేయర్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టండి. సంగీతం ఆగదు, మీ డిస్కులను చదివే మామూలు ప్లేయర్ ఏదైనా సరిపోతుంది. (ధ్వని తేడా గురించి నాకు ఉత్తరాలు రాయకండి, ఉందనే ఒప్పుకుంటున్నాను.) పరీక్ష చేయించే రుసుము ఒక నెల మిగులులోంచి ఇవ్వండి. మిగతా పొదుపంతా అత్యవసర నిధికే, అది మూడు నెలల ఖర్చులకు చేరేదాకా. ఆ తర్వాత జీతంలో 10 శాతం నిధికి, 5 శాతం వేరే ఖాతాలో ప్లేయర్‌కు. ముప్ఫై అయిదేళ్లు దాటిన యంత్రాన్ని ఉంచుకున్నవారికి మరమ్మతు అనుకోని ఖర్చు కాదు, తేదీ తెలియని ఖర్చు మాత్రమే. దానికంటూ ఒక ఖాతా కొన్న రోజునే తెరవాల్సింది. మీ ఉత్తరం చివర్లో వాడకుండా పడి ఉన్న రెండో ఆంప్లిఫైయర్ ప్రస్తావన ఉంది. అమ్మేయండి, ప్లేయర్ ఖాతాకు అదే తొలి జమ అవుతుంది.

క్రెడిట్ కార్డు మీద నగదు తీస్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఆ ఆలోచన మానుకోండి.

యంత్రానికి బీమా గురించి కూడా అడిగారు: ఇంటి సామాను పాలసీలు సాధారణంగా అగ్నిప్రమాదం, దొంగతనం వంటివాటికే పనికొస్తాయి. అరుగుదలకు, వయసు మీద పడి వచ్చే లోపాలకు డబ్బు రాదు. దొంగతనానికి కూడా తరుగుదల తీసేసి ఇస్తే మీకు దక్కేది నామమాత్రం. విలువను ముందే రాయించి ఒప్పించుకోవచ్చేమో కంపెనీని అడగండి. బిల్లు, సీరియల్ నంబరు, ఫొటోలు దాచండి.

అసలు బీమా ప్రశ్న మీరు అడగనే లేదు. ప్లేయర్ గురించి మూడు పేజీలు రాసి, మీ సొంత బీమాకు 'ఆఫీసు ఇస్తోంది' అన్న రెండు మాటలు కేటాయించారు. ఉద్యోగం పోయిన రోజున ఆ బీమా మీ వెంట రాకపోవచ్చు. ఈ నెలలోనే సొంత టర్మ్ పాలసీకి (గడువులోగా మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) దరఖాస్తు చేయండి. అమ్మగారిని కలిపి కుటుంబానికి ఆరోగ్య బీమా ఎంతకు ఉందో పత్రాలు తీసి చూడండి. ఆ ప్రీమియం కట్టడానికి పొదుపు సరిపోకపోతే, కోత పెట్టాల్సింది ప్లేయర్ 5 శాతంలోంచే.