బెంగళూరులో ఇల్లు చూడబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగం బెంగళూరుకు మారిందనీ, కాపురం పెట్టేలోపు ఒకసారి వెళ్లి ఇల్లు చూసి వస్తావనీ అమ్మ చెప్పింది. ఆఫీసు బెళ్లందూరు వైపు అన్నావట కదా, అక్కడికి సరిపోయేవే రాస్తున్నాను. ఇంటి వేట కన్నా ఎయిర్‌పోర్టు రాకపోకలే నీ సమయాన్ని ఎక్కువ మింగేస్తాయి. అందుకని టికెట్ కొనేటప్పుడే లెక్క చూసుకో.

శనివారం మొదటి విమానానికి వెళ్లి సోమవారం రాత్రి తిరిగి రా. శని, ఆదివారాల్లో ఓనర్లు దొరుకుతారు. ఆదివారం మధ్యాహ్నం పావుగంటలో ఆఫీసుకు చేరావని మురిసిపోయి అడ్వాన్సు ఇచ్చేయకు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి, నచ్చిన ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు దాకా ఒకసారి వెళ్లి చూడు. ఆ ప్రయాణం చేయకుండా ఏ ఇంటికీ మాట ఇవ్వొద్దు.

బెంగళూరు విమానాలు దిగే దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో రెండు టెర్మినళ్లున్నాయి. గన్నవరం నుంచి ఇండిగోలో వెళ్తే ఒకటో టెర్మినల్, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే రెండోది. ఈ ఏర్పాట్లు మారుతుంటాయి కనుక టికెట్ మీద టీ1 అని ఉందో టీ2 అని ఉందో చూసుకో. దిగేటప్పుడు తేడా తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు, ముఖ్యంగా వెళ్లింది ఒక కంపెనీలో, వచ్చేది ఇంకో కంపెనీలో అయితే, తెలుస్తుంది. క్యాబ్‌లో గమ్యం పెట్టేటప్పుడే టెర్మినల్ నంబరు ఎంచుకో. పొరపాటున వేరే టెర్మినల్ దగ్గర దిగినా ఉచిత షటిల్ బస్సు ఉంటుంది కానీ, దానికోసం నిలబడే సమయం నీ చేతిలో ఉండదు.

సామాను ఏడు కిలోల చేతిసంచీకి మించనివ్వకు. బెల్టు దగ్గర పెట్టెకోసం నిలబడక్కర్లేదు, రోజంతా దాన్ని మోస్తూ మేడలెక్కక్కర్లేదు. పవర్ బ్యాంకు చేతిసంచీలోనే పెట్టాలి. కుళాయి, ప్లగ్గు చూద్దామని స్క్రూడ్రైవర్ వేసుకెళ్లకు, తనిఖీలో తీసేస్తారు. కొలతల టేపు అక్కడే ఏదైనా హార్డ్‌వేర్ షాపులో కొనుక్కో.

బయటికి రాగానే "క్యాబ్ సార్, క్యాబ్" అంటూ చుట్టుముట్టే వాళ్లకు తల కూడా ఊపకు. యాప్ క్యాబ్‌లకు విడిగా చోటు ఉంది, బోర్డులు చూసుకుంటూ నడువు. రెండో టెర్మినల్‌లో ఆ నడక కాస్త ఎక్కువే. అక్కడికి చేరాకే బుక్ చేయి. లోపల ఉండగానే బుక్ చేస్తే డ్రైవరు ఎదురుచూసి రద్దు చేస్తాడు, నీకు ఛార్జీ పడుతుంది.

ఒంటరిగా వెళ్తే క్యాబ్ కన్నా, ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి నడిచే వాయువజ్ర బస్సు నయమని నా అభిప్రాయం. ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లే కేఐఏ-8 ఎక్కితే హెబ్బాళ, మారతహళ్లి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డునే పోతుంది, నువ్వు దిగాల్సిన చోటూ దారిలోనే. నగరం నడిబొడ్డున బస్టాండు ఉన్న మెజెస్టిక్‌లో పని ఉంటే కేఐఏ-9. క్యాబే కావాలంటే, హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర కిక్కిరిసి ఉన్నప్పుడు బాగలూరు, హెణ్ణూరు మీదుగా వెళ్లమని అడుగు. వైట్‌ఫీల్డు వైపు ఇళ్లు చూడాలంటే బూదిగెరె దారి ఉంది, అది హెబ్బాళ ముఖం చూడకుండానే తీసుకెళ్తుంది. ఎయిర్‌పోర్టు దగ్గర లాడ్జిలో దిగొద్దు. ఇళ్లు చూసే పేటలోనే గది తీసుకో.

రోజుకు ఐదారు ఇళ్లు మించి చూస్తే సాయంత్రానికి ఏ వంటిల్లు ఏ ఇంటిదో గుర్తుండదు. ఒక రోజు బెళ్లందూరు, హరళూరు. మరో రోజు మారతహళ్లి. ఒకే రోజు నగరం ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పే బ్రోకరుతో పోకు. వాళ్ల కమీషను మామూలుగా నెల అద్దె.

ప్రతి ఇంట్లో ముందు నీళ్ల సంగతి తేల్చుకో. కావేరి నీళ్ల కుళాయి కనెక్షన్ ఉందా అంటే ఉందంటారు. అందులో నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయన్నది వేరే ప్రశ్న. నగర శివార్లలోని 110 గ్రామాలకు నీళ్లిచ్చే కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులోనే మొదలైంది. ఆ ఏడాది ఎండాకాలం బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం అల్లాడిన పేటలు చాలా. ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్సులో కలిసిందా, విడిగా పంచుతారా అని అడుగు. కుళాయి మూతుల చుట్టూ తెల్లగా గారపట్టి ఉంటే బోరు నీళ్లే. జవాబు ఓనరు దగ్గర కాదు, వాచ్‌మన్ దగ్గర దొరుకుతుంది. ఆ వైపు తెలుగు వాచ్‌మన్‌లు, పనమ్మాయిలు చాలామందే కనిపిస్తారు, భాషకు భయం లేదు.

డిపాజిట్ విషయంలో మన విజయవాడ లెక్క అక్కడ చెల్లదు. పది నెలల అద్దె అడగడం పాత అలవాటు, బేరమాడితే నాలుగైదుకు దిగేవాళ్లున్నారు. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరిట నెల అద్దె పట్టుకుంటారు. ఎంతో అగ్రిమెంటులో రాయించు. నెలనెలా అద్దె లేకుండా ఏకంగా కొన్ని లక్షలిచ్చి ఉండే "లీజు" ఒకటి చెబుతారు. ఓనరు బ్యాంకు అప్పు ఎగ్గొడితే ఆ లక్షలకు దిక్కుండదు, దాని జోలికి పోకు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు చూసి, అందులోని పేరూ నువ్వు డబ్బు పంపే ఖాతా పేరూ ఒకటేనా అని సరిచూడు. "రేపు మెట్రో వస్తోంది" అని అద్దె పెంచితే ఒప్పుకోకు. సిల్క్ బోర్డు నుంచి ఎయిర్‌పోర్టు దాకా నీలి లైను పనులు జరుగుతున్నాయి, నిజమే. నడిచే రైలుకు అద్దె కట్టు, రాబోయేదానికి కాదు.

సోమవారం తిరుగు ప్రయాణంలోనే అసలు చిక్కు. రాత్రి తొమ్మిదిన్నర విమానమైతే బెళ్లందూరులో నాలుగున్నరకే బయల్దేరు, ఐదు దాటితే రింగ్ రోడ్డు కదలదు. అప్పుడే ఓనరు ఫోన్ చేసి "ఇంకొకళ్లు అడుగుతున్నారు, టోకెన్ వేయండి" అంటాడు. ఎయిర్‌పోర్టు దారిలో, క్యాబ్‌లో కూర్చుని డబ్బు పంపకు. ఇంటికొచ్చి మీ ఆవిడతో మాట్లాడి మర్నాడు పంపు. పోతే ఆ ఇల్లు పోనీ.

ముఖం చూపించి ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లే డిజియాత్ర గన్నవరంలోనూ ఉంది, బెంగళూరులోనూ ఉంది. ఆధార్‌కు కలిపిన నంబరుతో ముందురోజే నమోదు చేసి, రెండు ప్రయాణాలకూ బోర్డింగ్ పాసును విడివిడిగా యాప్‌లో ఎక్కించు. ఒకదానికి చేసి రెండోది మరిచిపోవడమే అందరూ చేసే తప్పు. బెంగళూరులో లోపలికి వెళ్లాక అనౌన్స్‌మెంట్ల కోసం చెవి ఒగ్గి కూర్చోకు, అక్కడ చాలావరకు ఉండవు. తెర మీద గేటు నంబరు అరగంటకోసారి చూసుకో, ఆఖర్లో మారుతుంది. విమానం బయల్దేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు, కాఫీ ఆ లోపే తాగేయి.

ఇట్లు,
మామయ్య