పాత కారుతో వచ్చిన, ఎవరూ వాడని తాళంచెవి: వాడాలా, దాచాలా?

ముందు ఒక పని చేయండి. ప్రశ్నతో పాటు పెట్టిన ఆ తాళంచెవి ఫొటో తీసేయండి. గాట్లన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి, తల మీద నంబరు కూడా. 2008లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు దూరం నుంచి తీసిన ఫొటోలతోనే తాళంచెవులకు నకళ్లు తయారుచేసి చూపించారు. మీ ఫొటోకైతే ఆ కష్టం కూడా అక్కర్లేదు, నంబరు చదువుకుంటే చాలు, దాన్ని బట్టే గాట్లు కోసేయొచ్చు.

ఇక మీ ప్రశ్న. 1960ల నాటి కారు కొన్నారు, రెండు తాళంచెవులు ఇచ్చారు. ఒకటి అరిగి నున్నబడిపోయింది. రెండోది కంపెనీ ఇచ్చిన కవర్లోనే ఉంది, ఎవరూ వాడలేదు. దాన్ని వాడుకలోకి తేవాలా, అలాగే దాచాలా అని అడిగారు. రోజూ వాడకండి. అలాగని కవరు విప్పకుండా కూడా ఉంచకండి. రెండో మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే నా తెలివితక్కువతనం బయటపెట్టుకోవాలి.

నాది ఆ కాలపు బ్రిటిష్ కారు. దాంతోనూ ఇలాంటి వాడని తాళంచెవి ఒకటి వచ్చింది. పాత కాగితాలతో కలిపి బీరువాలో పెట్టాను. ఎనిమిదేళ్లు అక్కడే ఉంది. కారు చూడటానికి ఎవరైనా వస్తే తెచ్చి చూపించి, ముట్టుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కునేవాణ్ణి. రోజువారీ గుత్తిలో రెండు ఉండేవి, ఒకటి ఇగ్నిషన్‌కి, ఇంకోటి తలుపులకి. చాలా పాత కార్లకి కంపెనీయే అలా విడివిడిగా ఇచ్చేది కాబట్టి నాకు అనుమానమే రాలేదు.

ఒకరోజు సాయంత్రం ఇగ్నిషన్ తాళంచెవి విరిగింది. తల నా చేతిలో, మిగతాది లోపల. పెద్దగా టెన్షన్ పడలేదు, ఇంట్లో కంపెనీది ఉంది కదా! ఫోన్ చేసి తెప్పించుకున్నాను. విరిగిన ముక్కని సన్నటి రంపపు బ్లేడుతో మెల్లగా బయటికి లాగాను. (ముక్క లోపల ఉండగా వెనక నుంచి ఇంకో తాళంచెవి దూర్చకండి, అది ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటుంది.) కవరు చింపి కొత్తది పెట్టాను. దూరింది. తిరగలేదు. తలుపులకి పెట్టి చూస్తే వెన్నలా తిరిగింది, డిక్కీ కూడా తెరుచుకుంది. ఇగ్నిషన్ మాత్రం ఊహూ. నాకంటే ముందు ఎవరో ఇగ్నిషన్ తాళం మార్చేశారు. ఆ తాళం ముఖం మీద నంబరు ఉంది, నా తాళంచెవి మీద ఇంకో నంబరు ఉంది. రెండూ ఎనిమిదేళ్లు నా కళ్లముందే ఉన్నాయి, ఒక్కసారీ పోల్చి చూడలేదు. కారుని ఇంకో బండి మీద ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను.

అందుకని ఈ రోజే కవర్లోంచి తీసి అన్ని తాళాలకీ పెట్టి చూడండి: ఇగ్నిషన్, రెండు తలుపులు, డిక్కీ, డ్యాష్‌బోర్డు అర, పెట్రోల్ ట్యాంకు మూత. తిరగకపోతే బలం ఉపయోగించకండి. ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన తాళంలో కాస్త గ్రాఫైట్ పొడి ఊది, నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ ఆడించి మళ్లీ ప్రయత్నించండి. నూనె మాత్రం వద్దు, దుమ్ముని పట్టి ఉంచి జిగురులా చేస్తుంది.

రోజూ ఎందుకు వాడొద్దంటే, ఆ తాళం లోపల వరుసగా చిన్న ఇత్తడి పలకలుంటాయి, ఒక్కోదాని వెనక ఒక స్ప్రింగు. తాళంచెవి మీది గాట్లు ఒక్కో పలకని సరైన ఎత్తులో నిలబెడితేనే తాళం తిరుగుతుంది. పెట్టి తీసిన ప్రతిసారీ తాళంచెవీ, పలకలూ రెండూ కొద్దికొద్దిగా అరుగుతాయి. గుత్తికి ఇంటి తాళాలూ బొమ్మలూ వేలాడదీస్తే ఆ బరువుకి ఇంకా త్వరగా అరుగుతాయి. తాళంచెవులు చేసే మామూలు మెషిన్ మనం ఇచ్చినదాని అంచుని తడుముతూ అదే ఆకారంలో కొత్తది కోస్తుంది. అరిగినది ఇస్తే అరుగుదలతో సహా కోస్తుంది, దానికి తోడు తన తప్పు కొంచెం కలుపుతుంది. జిరాక్స్‌కి మళ్లీ జిరాక్స్ తీసినట్టే. నా అరిగినదానికి ఒకప్పుడు రెండు నకళ్లు చేయించాను, రెండూ దానికంటే అధ్వానంగా తిరిగేవి. మీ దగ్గరున్న వాడనిది అరుగుదల లేని మూలప్రతి. దాని అసలు విలువ అక్కడే ఉంది.

కాబట్టి దాన్నుంచి రెండు నకళ్లు చేయించి అవే వాడండి. తాళంచెవి మీదుండే కోడ్ నంబరుని బట్టి కోసే మెషిన్ ఉన్నవాడు దొరికితే ఇంకా మంచిది, అప్పుడు దేన్నీ తడమక్కర్లేదు. ఇత్తడితో గానీ, జర్మన్ సిల్వర్‌తో గానీ చేయమనండి (పేరులో వెండి ఉందే తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే). ఉక్కుది వద్దు, లోపలి ఇత్తడి పలకల్ని తినేస్తుంది. ఇంతకాలం అరిగినదానికి అలవాటుపడ్డ తాళం మొదట్లో కొత్త నకలుకి కాస్త మొరాయించవచ్చు. అప్పుడు ఆకురాయి తీసి తాళంచెవిని రుద్దకండి. తప్పు పలకలది, వాటినే మార్పించాలి.

నంబరు గురించి ఇంకో రెండు మాటలు, ఇది నాకు ఇష్టమైన విషయం. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ వాళ్ల పాత తాళంచెవుల్లో కొన్నింటికి తలలో ఊడదీయగలిగే చిన్న ముక్క ఉండేది, కోడ్ దానిమీదే ఉండేది. ఓనరు దాన్ని ఊడదీసి దాచుకుంటే, తాళంచెవి ఎవరి చేతిలో పడినా నంబరు తెలియదు. మీది అలాంటిదై ఆ ముక్క ఇంకా ఉంటే, ఊడదీయకుండా నంబరు రాసుకోండి, అంత చెక్కుచెదరనిది దొరకడం అరుదు. బ్రిటిష్ కార్ల తాళంచెవుల నంబర్లలో ఎఫ్‌ఎస్ అనే వరుస ఉండేది, 876 నుంచి 955 దాకా, అంటే మొత్తం 80 రకాలే. పాత కార్లు నలభై యాభై ఒకచోట చేరితే, పక్కవాడి తాళంచెవితో మన కారు తెరుచుకోవడంలో వింతేమీ లేదు. ఈ లెక్క తెలిశాక తాళంచెవిని నిధిలా దాచడం మీద నాకున్న మోజు సగం తగ్గిపోయింది.

ఇదంతా ఉత్త లోహపు తాళంచెవుల సంగతి. 1986లో జనరల్ మోటార్స్ వాళ్ల కార్వెట్ కారుతో మొదలై కొన్ని కార్లకి తాళంచెవిలోనే చిన్న రెసిస్టర్ (కరెంటుని కొంత అడ్డుకునే ముక్క) బిగించారు, అందులో 15 విలువలు. 1990ల నుంచి చిప్‌లు వచ్చాయి. వాటికి గాట్లు సరిపోయినా ఇంజన్ స్టార్ట్ కాదు. మీ 60ల కారుకి ఆ గొడవ లేదు.

నకళ్లు పనిచేస్తున్నాయని తేలాక అసలుదాన్ని పొడిగా ఉండే చోట పెట్టండి, కారులో మాత్రం కాదు. రబ్బరు బ్యాండు చుట్టకండి, రబ్బరులోని గంధకానికి ఇత్తడి నల్లబడుతుంది. పాలిష్ కూడా చేయకండి. నంబరు రాసిన కాగితం వేరేచోట ఉండాలి. ఏడాదికోసారి బ్యాటరీ చూసుకునే రోజున దాంతోనే ఒకసారి స్టార్ట్ చేసి మళ్లీ లోపల పెట్టండి. కవరు చిరిగితే కారు విలువ తగ్గుతుందని కొందరంటారు. అమ్మే ఉద్దేశం ఉంటే ఆ కవరు కూడా దాచండి, లేకపోతే దాని గురించి ఆలోచించకండి.

నా సంగతంటారా, తాళాలు చేసే అతను ఆ మారిన ఇగ్నిషన్ తాళం విప్పి, లోపలి పలకలు మార్చి, తలుపుల తాళంచెవికే తిరిగేలా కూర్చాడు. ఇప్పుడు గుత్తిలో ఒక్కటే ఉంటుంది, ఆ బీరువాలోదాని నకలు.