ప్లాటు అమ్మకండి మాస్టారూ, ముందు వాడిని కిచెన్‌లోకి పంపండి

ప్రశ్న: తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారిని. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంజినీరింగ్ వద్దు, షెఫ్ అవుతానంటున్నాడు. వేసవిలో ముంబైలో వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లి వచ్చినప్పటి నుంచి ఈ పట్టు ఇంకా పెరిగింది. అక్కడ పెద్ద పెద్ద షెఫ్‌లే శాండ్‌విచ్ షాపులు పెడుతున్నారట. కాబట్టి కోర్సు కూడా అక్కర్లేదు, విజయవాడలో అలాంటి కేఫ్ పెట్టుకుంటానంటాడు. మాకున్న ఒక్క ప్లాటు అమ్మితే 20 లక్షలు వస్తాయి. హోటల్ మేనేజ్‌మెంట్, క్యులినరీ డిగ్రీ, సొంత కేఫ్, ఈ మూడింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: మాస్టారూ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది మీ చివరి వాక్యమే అనిపించింది. నాకు వచ్చే ఇలాంటి ఉత్తరాల్లో చాలావాటికి ఆఖర్న ఈ వాక్యం ఉంటుంది. దాని దగ్గరికి వస్తాను. ముందు మీవాడు ముంబైలో చూసిందేమిటో చెప్పనివ్వండి. వాడు షాపును చూశాడు గానీ దాని వెనకున్న ఏళ్లను చూసి ఉండడు.

బాంద్రాలో వెరోనికాస్ అనే శాండ్‌విచ్ షాపు ఉంది. 2023లో తెరిచారు. మీవాడు చూసింది అదో, అలాంటిదో అయి ఉంటుంది. దాని షెఫ్ హుస్సేన్ షహజాద్ అంతకుముందు న్యూయార్క్‌లో ఎలెవెన్ మాడిసన్ పార్క్ అనే చాలా పేరున్న రెస్టారెంట్ కిచెన్‌లో పనిచేశారు. షాపు నడిపే కంపెనీ పేరు హంగర్ ఇంక్. వాళ్లు శాండ్‌విచ్‌లతో మొదలుపెట్టలేదు. 2015లో లోయర్ పరేల్‌లో బాంబే క్యాంటీన్, 2017లో ఓ పెడ్రో తెరిచారు. 2020 మార్చిలో బాంబే స్వీట్ షాప్ తెరిస్తే రోజుల్లోనే లాక్‌డౌన్ వచ్చిపడింది. అదంతా తట్టుకుని, మొదటి రెస్టారెంట్ పెట్టిన ఎనిమిదేళ్లకు శాండ్‌విచ్ షాపుకు వచ్చారు. మరుసటి ఏడాది అదే షాపు పైన పాపాస్ అని 12 కుర్చీల ఖరీదైన రెస్టారెంట్ పెట్టారు. అంటే ఆ షెఫ్ పెద్ద వంట వదిలేసి చిన్న వంటకు దిగలేదు. రెండూ ఒకే మెట్ల మీద నడుస్తున్నాయి.

ఇంకో సంగతి. బాంబే క్యాంటీన్ మొదలుపెట్టిన వాళ్లలో ఫ్లాయిడ్ కార్డోజ్ ఒకరు. ముంబైలో పుట్టి బయోకెమిస్ట్రీ చదువుకుని, తర్వాత వంట వైపు వచ్చిన మనిషి. 1998 నుంచి 2010 దాకా న్యూయార్క్‌లో టబ్లా అనే రెస్టారెంట్ కిచెన్ నడిపారు. అక్కడ పై అంతస్తులో ఖరీదైన భోజనం, కింద బ్రెడ్ బార్ పేరుతో తక్కువ ధరకి తినే చోటు ఉండేవి. కాబట్టి పెద్ద షెఫ్ చిన్న షాపు నడపడం నిన్న మొన్న పుట్టింది కాదు. ఆయనతో కలిసి దాన్ని మొదలుపెట్టిన సమీర్ సేఠ్, యశ్ భనగే ఇద్దరూ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో హోటల్ వ్యాపారం చదువుకున్నవాళ్లు. వండేవాడి పక్కన అద్దె అగ్రిమెంట్ చదవగలిగినవాడు ఉన్నాడు. మీవాడి పక్కన ఎవరున్నారు?

పోయినేడు మా పాత స్టూడెంట్ ఒకడు పనిచేసే ముంబై కేఫ్‌కి వెళ్లాను. అక్కడి షెఫ్‌లాగే మావాడూ ఫైవ్ స్టార్ హోటల్ నుంచి వచ్చినవాడే. ఉదయం ఎనిమిదింటికి మావాడు వెనక గదిలో బంగాళాదుంపలు ఉడకబెట్టిన నీళ్లు వంపుతున్నాడు. ఫ్రిజ్‌లో ప్రతి డబ్బా మీద టేపు, దాని మీద తేదీ, చేసినవాడి పేరు. చికెన్‌ని చిన్న కాటా మీద తూచి 90 గ్రాముల ముద్దలుగా పెట్టుకుంటున్నాడు. ఒకటి 96 చూపించింది, ఆరు గ్రాములు గిల్లి పక్కన పెట్టాడు. మోచేతికి కింద ఒవెన్ కడ్డీల చురకలు వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా ఆర్డర్ చీటీలు ఆగలేదు. కూర్చోవడం కాదు కదా, వాడు నీళ్లు తాగడం కూడా నేను చూడలేదు. ఆ రోజు వాడు చేసింది ఫైవ్ స్టార్‌లో నాలుగేళ్లు నేర్చుకున్న పనే. చేతికి ఆ అలవాటు లేకపోతే ఆ రెండు గంటలు ఎవరూ నిలబడలేరు.

ఈ ఫ్యాషన్ మీద నాకున్న అనుమానాలు దాచుకోను. షెఫ్‌లు చిన్న షాపుల వైపు వస్తున్నది ప్రేమతో మాత్రమే కాదు, లెక్కలు కూడా తరుముతున్నాయి. కోపెన్‌హాగెన్‌లోని నోమా ప్రపంచంలోనే నంబర్ వన్ అని ఎన్నోసార్లు పేరు తెచ్చుకున్న రెస్టారెంట్. అక్కడ ఇంటర్న్‌లకు జీతం ఇవ్వడం మొదలైంది 2022 అక్టోబర్‌లో. 2023 జనవరిలో, రోజువారీ రెస్టారెంట్‌గా ఇక కొనసాగబోమని ప్రకటించారు. అదే నోమా 2020లో కరోనా మొదటి దెబ్బ తర్వాత బర్గర్లు అమ్మింది, జనం క్యూ కట్టారు, ఆ ఏడాది చివరికి పాపుల్ పేరుతో బర్గర్ షాపే పెట్టారు. పేరు ముందు వచ్చింది, క్యూ తర్వాత వచ్చింది. మీవాడి బోర్డు చూసి విజయవాడలో ఎవరు ఆగుతారు?

మీరు లెక్కల మాస్టారు కాబట్టి ఒక లెక్క మీ ముందు పెడతాను. శాండ్‌విచ్ 300 అనుకోండి. సరుకు ఖర్చు మూడో వంతు దాటకూడదని ఈ లైన్లో అందరూ చెప్పే మాట. అంటే వంద పోయింది. అద్దె, జీతాలు, కరెంటు, గ్యాస్ మిగతా దాంట్లోంచే రావాలి. డెలివరీ యాప్‌లో వచ్చిన ఆర్డర్ అయితే కమీషన్ కూడా అందులోంచే. పైగా మామూలు రెస్టారెంట్ మీద జీఎస్టీ 5 శాతమే అయినా ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, అద్దె మీద కట్టిన 18 శాతం వెనక్కి రాదు. ఆదివారం సాయంత్రం కుర్చీలు నిండుతాయి, నేనూ ఒప్పుకుంటాను. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి? 20 లక్షల్లో అడ్వాన్స్, ఇంటీరియర్, ఒవెన్, ఫ్రిజ్‌లు పోగా చేతిలో ఎన్ని నెలల అద్దె మిగులుతుందో మీరే వేసి చూడండి. పద్దెనిమిదేళ్లవాడి మొదటి తప్పులకు మీకున్న ఒక్క ప్లాటు ఫీజు కాకూడదు.

ఇక బంధువుల సంగతి. మాస్టారూ, కొంచెం గట్టిగానే చెబుతాను, మన్నించండి. ఏ పనీ తక్కువ కాదని క్లాసులో పిల్లలకు చెప్పే మనిషి మీరు. మీ ఇంట్లో పెళ్లయితే వంట మేస్త్రి దొరికే తేదీని బట్టే మిగతా ఏర్పాట్లు చేసుకుంటారు కదా? ఆ మేస్త్రి పనినే చదువుకుని, శుభ్రంగా, నియమంగా చేస్తానంటున్నాడు మీ కొడుకు. దాన్ని మీరు నలుగురిలో నోరు తెరిచి చెప్పలేకపోతే వాడికి ఆ ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఆలోచించి చూడండి, వాడికి కేఫ్ మీద అంత తొందర ఎందుకు? ‘ఓనర్’ అంటేనే నాన్న ఒప్పుకుంటాడు, ‘కుక్’ అంటే ఒప్పుకోడని వాడికి తెలుసు. మీ మొహమాటమే వాడిని ప్లాటు అమ్మే దాకా తోస్తోందని నా అనుమానం.

మీరడిగిన పోలిక చిన్నదే. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో వంటతో పాటు ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, సర్వీస్ అన్నీ ఉంటాయి, రేపు మనసు మారినా దారి ఉంటుంది. క్యులినరీ డిగ్రీ పూర్తిగా వంటే. తిరుపతిలో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ క్యులినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, హైదరాబాద్ బేగంపేటలో క్యులినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. వాడికి నిజంగా పొయ్యి దగ్గరే ఉండాలని ఉంటే తిరుపతి వైపు చూడమంటాను. ఊగిసలాట ఉంటే హోటల్ మేనేజ్‌మెంట్. సొంత కేఫ్ అనేది ఈ రెండింటి పక్కన పెట్టి పోల్చేది కాదు, వీటి తర్వాత కనీసం ఐదారేళ్లకు మాట్లాడుకోవాల్సిన విషయం. ఎక్కడ చేరినా కమీగా, అంటే కిచెన్‌లో అన్నిటికన్నా కింది మెట్టు వంటవాడిగా మొదలవుతాడు, జీతం చూసి మొదటి రెండేళ్లు మీకు బాధేస్తుంది. ఇంజినీరింగ్ చదివిన వాళ్ల పెద్దనాన్న కొడుకుతో మాత్రం పోల్చకండి.

భయపడకండి. ఎంపీసీ వృథా పోదు, రెసిపీలు, సరుకు ధరలు, నష్టం శాతాలు అన్నీ లెక్కలే, మీ కొడుకుగా అది వాడికి ఉన్న బలం. ఈ లైన్లో ఒక్క దారే లేదు కూడా. బాంబే క్యాంటీన్ మొదటి షెఫ్ థామస్ జకరియాస్ 2020లో అక్కడ మానేశాక రెస్టారెంట్ పెట్టలేదు, మన దేశపు పంటలు, స్థానిక వంటల కోసం లోకావోర్ అనే సంస్థ మొదలుపెట్టారు. పనిచేసే చేతులున్న పిల్లాడు ఎక్కడో ఒకచోట కుదురుకుంటాడు, ఇన్నేళ్లలో నేను చూసింది అదే.

కాలేజీలు తెరిచేలోపు ఒక పని చేయండి. తెనాలిలో మీకు తెలిసిన టిఫిన్ సెంటర్ ఓనర్‌తో మాట్లాడి వాడిని ఆరు వారాలు పనిలో పెట్టించండి. తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాలి, పిండి రుబ్బాలి, గిన్నెలు తోమాలి, రోజూ ఎంత సరుకు వచ్చింది, ఎంత మిగిలిందో పుస్తకంలో రాయాలి. ఒకరోజు మీరు కూడా వెళ్లి, అక్కడ నలుగురు తెలిసినవాళ్లు ఉండగానే, వాడు వేసిన దోసె తిని రండి. ఆ తర్వాత వాడి చేతే నాకు ఫోన్ చేయించండి, ఆ పుస్తకం దగ్గర పెట్టుకోమనండి.